సి గ్రేడు దుర్గాంబ

దుర్గాంబకి మనుషుల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. పంజగుట్టలో, మెట్రో లైను కిటికీకి ఎదురుగా కనపడే ఒక కాంప్లెక్సులో, పళ్ల డాక్టర్లకి సామాన్లు సరఫరా చేసే కంపెనీలో బిల్లింగ్ సెక్షన్‌కి హెడ్డు ఆవిడ. సిరంజి పగిలిందని ఫోన్ చేసే డాక్టరు దానితో గోడకి మేకు కొట్టి ఉంటాడని ఆవిడ నమ్మకం. తోటివాళ్ల మీద అంతకంటే మంచి అభిప్రాయం లేదు. ‘మన కంపెనీ అంటే ఒక ఫ్యామిలీ’ అని ఎవరైనా అంటే, ఆ మనిషి లంచ్ డబ్బా తెచ్చుకోలేదని అర్థం చేసుకునేది.

పుట్టింది రాజమండ్రి వైపు. పెళ్లయ్యాక అమీర్‌పేట వచ్చింది. భర్త హనుమత్ప్రసాద్‌కి కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్సు షాపు. ఎవరో రాసిన నోట్సు ఎవరికో కాపీలు తీసి పెడుతూ ఆయన జీవితం మెత్తగా గడిచిపోతోంది. ఆయనకి వచ్చిన ఓర్పులో సగం ఈవిడకి, ఈవిడకి వచ్చిన నోటిలో సగం ఆయనకి పంచి ఉంటే ఇద్దరూ బాగుపడేవారని చుట్టాలు అనుకునేవారు.

కంపెనీ పెట్టిన పెద్దాయన పరమ పిసినారి. మనిషి లేచి వెళితే ఆ ఫ్యాను ఆపేసి వచ్చేవాడు. కానీ దసరాకి ముందు ఒక నెల జీతం బోనస్‌గా ఇవ్వటంలో ఏనాడూ నాన్చలేదు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, డబ్బు బల్ల మీద పెట్టి, “చూసుకో అమ్మా” అనేవాడు. దుర్గాంబ ఆయన ఎదుటే లెక్కపెట్టుకునేది. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. థాంక్సు చెప్పమని అడిగేవాడూ కాదు. ఏడాదంతా చాకిరీ చేశారు, పండక్కి ఇవ్వాలి, ఇచ్చాడు, అంతే. ఆవిడ కాస్తో కూస్తో మర్యాద ఇచ్చిన మనిషి ఎవరన్నా ఉంటే ఆయనొక్కడే.

ఆయన మోకాళ్లు పనిచెయ్యటం మానేశాక కొడుకు వంశీధర్ కుర్చీలోకి వచ్చాడు. పూణేలో ఎంబీఏ చదివాడు. వచ్చీ రాగానే గోడలకి నారింజ రంగు వేయించి, మీటింగ్ గదికి ఒక పేరు పెట్టాడు. ఆ తర్వాత రవికాంత్ అనే మనిషిని హెచ్.ఆర్. మేనేజర్‌గా తెచ్చాడు. రవికాంత్ మెడలో ఐడీ కార్డు భోజనం దగ్గర కూడా తీసేవాడు కాదు. సాంబార్‌లో మునిగితే తుడిచి మళ్లీ వేలాడేసుకునేవాడు. ఆ ఒక్క సంగతి చూసి అతని గురించి తెలుసుకోవలసింది ఇంకేమీ లేదని దుర్గాంబ తేల్చేసింది.

ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు వేసి, కొత్త బోనస్ పద్ధతి చెప్పాడు రవికాంత్. ఇకనుంచి దసరాకి అందరికీ ఒకేలా నెల జీతం ఇవ్వటం ఉండదట. తక్కువ జీతాల వాళ్లకి చట్టం ప్రకారం ఇవ్వవలసింది ఎలాగూ ఇస్తారట, దానికి ‘ఎం.డి. గారి కానుక’ అని పేరు. మిగతాదంతా వేరియబుల్. ప్రతివాళ్ల జీతంలోంచి పదో వంతు నెలనెలా పక్కన పెడతారు. ఏటా దసరాకి ముందు గ్రేడులు వేస్తారు. ఏ గ్రేడు వచ్చినవాళ్లకి పక్కన పెట్టినదానికి రెట్టింపు, బి వచ్చినవాళ్లకి పెట్టినంత, సి వచ్చినవాళ్లకి ఏమీ ఉండదు.

“అయితే సి వచ్చినవాళ్ల డబ్బు ఏమవుతుందండీ?” అని అడిగింది దుర్గాంబ.

“అది ఏ వచ్చినవాళ్లకి వెళ్తుందండీ.”

“అంటే మా డబ్బే మాలో ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇస్తారు. మరి కంపెనీ పెట్టేదేంటి?”

రవికాంత్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “కంపెనీ అవకాశం పెడుతుందండీ,” అన్నాడు.

వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరా అని తిరిగి చూస్తే తారక్. బిల్లింగ్ సెక్షన్‌లోనే చేరిన భీమవరం కుర్రాడు. తన జీతం కోసేస్తున్నారని చెప్తే చప్పట్లు కొట్టిన మనిషిని దుర్గాంబ అంతవరకూ చూడలేదు.

ఆ సాయంత్రం షాపులో భర్తకి చెప్పింది. ఆయన కాగితాలు పేరుస్తూ, పోనీలే, ఏదో ఒకటి ఇస్తున్నారుగా అన్నాడు. “సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. పైగా మనం దండం పెట్టాలిట,” అని ఆవిడ బండిల్ అందుకుని దారం బిగించి కట్టింది.

ఆ ఏడాది సెక్షన్ తీరే మారిపోయింది. ఇదివరకు ఒకరి బిల్లులో తప్పు పడితే పక్కవాళ్లు చూసి, మెల్లగా చెప్పి, దిద్దేసేవాళ్లు. ఇప్పుడు ఫోటో తీసి దాచుకోవటం మొదలైంది. తారక్ ఆరు దాటాక కూడా సీట్లో కూర్చుని, ఫోన్‌లో క్రికెట్ చూస్తూ, వంశీధర్ గది తలుపు చప్పుడైనప్పుడల్లా కీబోర్డు మీద పడేవాడు. అమ్మాయిలిద్దరు, శ్రీలేఖా ధాత్రీ, ఒక డబ్బాలో తినేవాళ్లు కాస్తా విడివిడిగా తినసాగారు. ఎంగిలి మెతుకు విసిరి కోళ్లని తన్నుకోనివ్వటం ఎంత తేలికో దుర్గాంబ రోజూ చూసింది. విసిరినవాడి మీద ఎంత అసహ్యమో, తన్నుకుంటున్నవాళ్ల మీద అంత అసహ్యం కలిగింది.

భూలక్ష్మి మాత్రం మారలేదు. మారితే బాగుండేదని దుర్గాంబ అనుకునేది. జమ్మికుంట వైపు మనిషి, మొగుడు ఆటో నడుపుతాడు. పని నెమ్మది. పంటి సిమెంటు అని కొట్టవలసిన చోట పళ్ల అచ్చు తీసే పొడి అని కొట్టేది. దుర్గాంబ తిడితే, “అయ్యో, గట్ల గొట్టిన్నా మేడం?” అని తానే ముందు నవ్వేది. ఆ నవ్వుకే దుర్గాంబకి ఒళ్లు మండేది. ఆ ఏడాది మొగుడికి యాక్సిడెంటయి కాలు విరిగితే చాలా రోజులు సెలవు కూడా పెట్టింది.

గ్రేడులు వేసే రోజులు వచ్చాయి. రవికాంత్ సెక్షన్ హెడ్డులని మాత్రమే గదిలోకి పిలిచి అసలు సంగతి అప్పుడు బయటపెట్టాడు. ప్రతి సెక్షన్‌లోనూ ఒక సి తప్పనిసరిగా ఉండాలి. ఈ మాట కిందివాళ్లకి తెలియకూడదు.

“అందరూ బాగా చేస్తేనో?” అంది దుర్గాంబ.

“అందరూ బాగా చెయ్యటం అనేది ఉండదండీ. అది లెక్క ఒప్పుకోదు.” తర్వాత గొంతు తగ్గించి, ఆవిడకి పని తేలిక చేస్తున్నట్టు, భూలక్ష్మి సెలవుల సంగతి గుర్తు చేశాడు. ఎవరూ కాదనలేరని, కాగితం మీద చూసినా అలాగే కనిపిస్తుందని చెప్పాడు.

కాదనలేరన్న మాట నిజమే. సెక్షన్‌లో అందరికంటే వెనకబడింది భూలక్ష్మే. దుర్గాంబకి ఆమె మీద జాలి లేదు. కానీ మొగుడి మంచం పక్కన కూర్చున్న రోజులకి వెల కట్టి, ఆ డబ్బు తీసుకెళ్లి తారక్ చేతిలో పెట్టే పని తను చెయ్యాలా? వంశీధర్ కొయ్యాలనుకుంటే వంశీధరే కొయ్యాలి, చేతికి నెత్తురు అంటుకోకుండా తనకి కత్తి ఇస్తే ఎలా? సీటుకి వచ్చి, కంప్యూటర్‌లో ఆ ఫారం తెరిచి, అందరికీ బి అని కొట్టింది. ఏ కూడా ఒకటి ఉండి తీరాలని మిషను మొరాయిస్తే, తారక్ పేరు పక్కన ఏ పెట్టింది, ఎముక కోసం అంతగా తోక ఊపినవాడికి అది దక్కాలి కదా అని. సి దగ్గర తన పేరు కొట్టింది. కారణం రాయమని ఒక గడి ఉంది. అందులో, ‘సెక్షన్‌లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకుంటూ ఈ ఫారం నింపటానికి ఒక పూట వృథా చేసినందుకు’ అని రాసి పంపేసింది.

రవికాంత్ పరిగెత్తుకొస్తాడని, గొడవవుతుందని, అప్పుడు అడగవలసినవి అడగొచ్చని అనుకుంది. ఎవరూ రాలేదు. మూడో రోజున వంశీధర్ పిలిచి కాఫీ ఇచ్చాడు. తప్పు ఒప్పుకోవటానికి గుండె కావాలన్నాడు. ఓనర్‌షిప్ అన్నాడు. అందరిలోకీ పెద్ద జీతం ఆవిడదే కాబట్టి, అందరిలోకీ పెద్ద కోత కూడా ఆవిడదే. సి ఆవిడకి పడితే, తారక్‌కి రెట్టింపు ఇచ్చినా కంపెనీకి ఇంకా మిగులుతుంది. ఈ సంగతి దుర్గాంబకి ఆ కాఫీ సగం తాగాక తట్టింది. మిగతా సగం అక్కడే వదిలేసి లేచింది.

దసరా ముందు అమీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాలులో సభ పెట్టారు. ఒక్కొక్కరినీ స్టేజీ మీదకి పిలవటం, కవరు ఇవ్వటం, కంపెనీ గురించి రెండు మాటలు చెప్పించటం, ఫోటో. చట్టం ప్రకారం రావలసిన బోనస్ అందుకున్న ప్యాకింగ్ వాళ్లు కూడా వంశీధర్ కాళ్లకి దండం పెట్టారు. తారక్ ఏ గ్రేడు కవరు తీసుకుని, ఈ కంపెనీ తనకి రెండో తల్లి అని చెప్పి కళ్లు ఒత్తుకున్నాడు. మొదటి తల్లి భీమవరంలో ఏం పాపం చేసిందో అనుకుంది దుర్గాంబ.

చివర్లో మైకులో ఆవిడ పేరు వినిపించింది. తన లోపాలు తానే గుర్తించిన మనిషి అని, ఇలాంటి నిజాయితీ అందరికీ ఆదర్శమని వంశీధర్ చెప్పుకొచ్చాడు. ఆవిడ చేతిలో ఒక గాజు పలక పెట్టారు. పలక మీద ఆవిడ పేరు దుర్గాంభ అని పడింది. రెండు మాటలు చెప్పమన్నారు.

ఎదురుగా అందరూ ఉన్నారు. సి ఎవరికో ఒకరికి వేసి తీరాలని పైనుంచి చెప్పారని ఆ మైకులో ఒక్క ముక్క అంటే చాలు. కానీ ఆ మొహాలు చూసేసరికి, బిర్యానీ ఎప్పుడు పెడతారా అని వెనక్కి తిరిగి చూస్తున్న ఆ తలలు చూసేసరికి, వీళ్లకా చెప్పటం అనిపించింది. వంశీధర్ వైపే తిరిగింది.

“ఈ గాజు ముక్క నాకెందుకు బాబూ? నెలనెలా నా జీతంలోంచి కోసిన డబ్బు ఎవరి జేబులోకి పోయిందో చెప్పండి, చాలు.”

రవికాంత్ మెడలో కార్డు పట్టుకుని నిలబడిపోయాడు. వంశీధర్ మాత్రం హాయిగా నవ్వాడు. మైకు తీసుకుని, “చూశారా, మన కంపెనీలో ఎవరైనా ఏదైనా అడగొచ్చు. ఇదే మన ఓపెన్ కల్చర్,” అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆవిడ స్టేజీ దిగిపోయేవరకూ ఆగకుండా కొట్టారు. ఉమ్మేస్తే పన్నీరు చల్లారనుకునేవాడిని ఏం చెయ్యాలో దుర్గాంబకి తెలియలేదు. భోజనం చెయ్యకుండా ఇంటికి నడిచి వచ్చేసింది.

పండగయ్యాక ఆఫీసుకి వెళ్తే ఇంకొకటి కాచుకుని ఉంది. దుర్గాంబ మేడంకి సి వచ్చిందన్న సంగతి అందరికీ తెలిసింది, ఎందుకు వచ్చిందన్నది తెలియలేదు. ఆవిడకి చూపు తగ్గిందనీ, తప్పులు చేసి ఒప్పుకుందనీ కథ అల్లుకున్నారు. భూలక్ష్మి సర్వపిండి చేసి తెచ్చి పక్కన కూర్చుంది.

“ఫికర్ చేయకుండ్రి మేడం. వయసు మీద పడ్డంక జర నిగా తప్పుతది, ఎవలకైనా అంతే. మీ బిల్లులు నేను సుత ఒకసారి చూసి పెడ్త.”

అచ్చు పొడికీ సిమెంటుకీ తేడా తెలియని మనిషి తన బిల్లులు చూసి పెడుతుందట. దుర్గాంబకి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. నీ సి నేను మోస్తున్నానే పిచ్చిదానా అని నోటి చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. చెప్తే ఏడుస్తుంది, కాళ్లు పట్టుకుంటుంది, ఆ గొడవంతా ఎవరు పడతారు? ఉప్పు తక్కువైందని మాత్రం చెప్పి, సర్వపిండి మొత్తం తినేసింది.

వానాకాలంలో రవికాంత్ దగ్గరనుంచి కొత్త నిబంధన వచ్చింది. సెక్షన్ హెడ్డులు సి గ్రేడుకి తమ పేరు తాము ఇచ్చుకోకూడదు. పోయినసారి ఆవిడకి గాజు పలక వచ్చింది చూసి, ఇంకో ఇద్దరు హెడ్డులు మేమూ అలాగే రాసుకుంటే పోలా అని అడిగారట. దుర్గాంబ అది చదివి, అప్పటికప్పుడు రాజీనామా కొట్టి రవికాంత్‌కి ఇచ్చింది. మధ్యలో పోతే ఈ ఏడాది పక్కన పెట్టిన వేరియబుల్ రాదని అతను గుర్తు చేశాడు.

“దాన్ని అవకాశం కింద మీరే ఉంచుకోండి,” అంది.

గ్రాట్యుటీ మాత్రం వదల్లేదు, చట్టం ప్రకారం వచ్చేదంతా వసూలు చేసుకునే బయటికొచ్చింది. వీడ్కోలు సభ పెడతామంటే వెళ్లలేదు. మర్నాటినుంచి జిరాక్సు షాపులో కూర్చుంది. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు కట్టలు కట్టలుగా తీయించుకెళ్లే పిల్లల్ని చూస్తూ, ‘మీ బలహీనత ఏమిటి’ అన్న ప్రశ్న చదివి ఒక్కత్తే నవ్వుకునేది.

బిల్లింగ్ సెక్షన్‌కి తారక్ హెడ్డయ్యాడు. గ్రేడుల వేళకి ఒక సాయంత్రం షాపుకి వచ్చాడు. పిల్లల తాకిడి తగ్గేదాకా పక్కన నిలబడి, తర్వాత మొదలుపెట్టాడు. ఒక సి ఉండి తీరాలని తనకిప్పుడే తెలిసిందట. నిద్ర పట్టటం లేదట. ఏం చెయ్యాలో మేడమే చెప్పాలట.

“ఎవరి పేరు రాయాలో నువ్వు అప్పుడే అనుకున్నావు. నా దగ్గరికి వచ్చింది అందుకు కాదు. పాపం, నీకు తప్పదులే నాన్నా అనిపించుకుని పోదామని వచ్చావు. ఆ మాట నా దగ్గర దొరకదు, వేరే చోట చూసుకో,” అంది దుర్గాంబ. అతను మొహం ఎర్రబడి వెళ్లిపోయాడు. తెచ్చిన గొడుగు షాపులోనే మర్చిపోయాడు, మళ్లీ దానికోసం కూడా రాలేదు.

దసరా వెళ్లాక భూలక్ష్మి వచ్చింది. షాపులో స్టూలు లాక్కుని కూర్చుని, జరిగింది చెప్పటం మొదలుపెట్టింది. తారక్ ఆమెకే సి వేశాడు. వేసినవాడు ఊరుకోక, పాపభారం తట్టుకోలేక, ఆమె సీటు దగ్గరికి వచ్చి, తన చేతిలో ఏం లేదు అక్కా, ఎవరికో ఒకరికి వెయ్యాల్సిందేనని పైనుంచి ఆర్డరని చెప్పేశాడు. ఆమె అక్కడికక్కడ ఆ ముక్క శ్రీలేఖకీ ధాత్రికీ చెప్పింది. గ్రేడు ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టాలి కదా, ముగ్గురూ ‘పెట్టం’ అన్నారు. తారక్ ఒక రోజంతా బతిమాలాడు. రవికాంత్ ఒక రోజంతా బెదిరించాడు. దసరా ముందు బిల్లులు ఆగిపోతాయని భయపడి, ఆఖరికి సెక్షన్ మొత్తానికి బి ఇచ్చి ఊరుకున్నారు. స్టేజీ మీద వంశీధర్ ఆ ముగ్గురినీ పిలిచి, టీమ్ స్పిరిట్ అని ఒక షీల్డు ఇచ్చాడు.

“తీసుకున్నారా?” అంది దుర్గాంబ ఎగతాళిగా.

“తీస్కున్నం. గది ఎవలికి కావాలె మేడం, పైసలొచ్చినయి గదా.” భూలక్ష్మి నవ్వింది, అదే నవ్వు. తర్వాత నవ్వు ఆపి, కింద పడిన కాగితం ముక్కలు ఏరి బల్ల మీద పెట్టింది. “పోయిన ఏడాది సి నాదే అయితుండె. మీరు మీ పేరు రాస్కున్నరు. గిప్పుడు సమజైంది నాకు. గప్పుడే మాతోటి ఒక్క మాట అంటే ఏమైతుండె మేడం? మేం సుత మీతోటే నిలబడుతుంటిమి గదా.”

మీకంత ధైర్యం ఎక్కడిది అని దుర్గాంబ అనబోయింది. అనటానికి వీల్లేకుండా ఆ ధైర్యం చేసినవాళ్లలో ఒకతె ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. టీ తాగుతావా అని అడిగింది. టీ తాగి భూలక్ష్మి వెళ్లిపోయింది. మెట్రో స్టేషన్ వైపు పోయే జనంలో ఆమె కలిసిపోయేదాకా దుర్గాంబ చూస్తూనే ఉంది.

“విన్నారా, ఏమంటోందో? వాళ్లతో చెప్పి ఉండాల్సిందట,” అంది భర్తతో, ఆయన తన పక్షాన ఒక మాట అంటాడని.

హనుమత్ప్రసాద్ మిషనులో ఇరుక్కున్న కాగితం మెల్లగా లాగుతున్నాడు. “నువ్వు ఎప్పుడన్నా ఎవరితోనన్నా చెప్పి చేశావా దుర్గా?” అన్నాడు.

దుర్గాంబ పక్కనున్న బండిల్ అందుకుని, తెగేదాకా దారం బిగించింది.